తాళంచెవులు అప్పగించే ముందు

ఇది పెద్ద తలుపుది. కుడికి కాదు, ఎడమకు తిప్పాలి.
బిగించినవాడిది ఎడమచేతి వాటం,
మా ముత్తాత ఆంబ్రోస్ కెరీన్, పడవల వడ్రంగి.
గుడి కట్టమంటే ఆయనకొచ్చింది ఒక్కటే పని:
పడవ కట్టి బోర్లించాడు.
తలెత్తి చూడండి, అవి దూలాలు కావు, పక్కటెముకలు.

అప్పుడిది ఇక్కడ లేదు.
న్యూఫౌండ్‌లాండ్ దక్షిణపు అంచున
పొగమంచుకు తప్ప ఎవరికీ అక్కర్లేని ఓ దీవి మీద ఉండేది.
ఇంటికో మోపు ఎండు కాడ్ చేప చందా.
చేపలేని విధవరాలు నోరా టోబిన్
రెండు చలికాలాలు మేకులు తెచ్చింది,
పగిలిన ఓడల పలకల్లోంచి పీకి, రాతి మీద వంకర తీసి.
చందాల పట్టీలో ఆమె పేరు లేదు.
గోడ తడిసినప్పుడల్లా
తుప్పుచుక్కలై బయటికొస్తుంది.

ఇదిగో విచారణ పుస్తకం.
ఒక్క ఏడాదిలో పదిహేడు జ్ఞానస్నానాలు, తొమ్మిది భూస్థాపనలు,
అందులో నాలుగింటికి శవం లేదు.
సిరా గడ్డకట్టేదట.
గురువుగారు లాంతరు మీద కాచి కాచి రాసేవారట,
అందుకే చావుల దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి.
ఏడ్చారని మా నాయనమ్మ అనేది. నాకు లాంతరు మీదే నమ్మకం.

అరవై ఆరులో ప్రభుత్వం మనుషులొచ్చారు.
డాక్టరు కావాలంటే, కరెంటు కావాలంటే, దీవి వదలమన్నారు.
ఇళ్ళకు ఖాళీ పీపాలు కట్టి నీళ్ళమీద లాక్కొచ్చాం,
ఆఖరున గుడిని.
నాకు తొమ్మిదేళ్ళు.
గంట దింపడం అందరూ మరిచారు.
ఏడు పడవలు లాగుతుంటే
అలకోసారి దానంతటదే మోగింది,
పెళ్ళికో చావుకో తెలియని మోత.
మా నాన్న తాడు వదిలి టోపీ తీశాడు,
తిట్లు తిని మళ్ళీ పట్టుకున్నాడు.

ఇక్కడ దించాక నేల ఒకవైపు వాలింది.
కొవ్వొత్తుల మైనం ఇప్పటికీ
సముద్రం వైపే కారుతుంది.

ఈ చిన్నది వస్త్రాల గదిది.
దీన్ని మీ చేతిలో పెట్టను, బల్ల మీద పెడతాను.
మా అన్న సిరిల్, పదకొండేళ్ళవాడు, పూజకు సాయం చేసేవాడు.
ఆ గదిలోంచి ఒకరోజు బయటికొచ్చి
యాభై అయిదేళ్ళు
ఈ గుమ్మం ఎదురైనప్పుడల్లా రోడ్డు దిగి
బండల మీదుగా పోయాడు.
పొగరన్నాం. నేనూ అన్నాను.
అన్నేళ్ళూ ఆ పీఠం గుడ్డలు ఉతికి
గంజి పెట్టింది నేనే.

కోర్టు లెక్క కట్టింది.
మేత్రాసనం దగ్గర డబ్బు లేదు, గుళ్ళున్నాయి.
అమ్మగా వచ్చింది
సిరిల్ లాంటివాళ్ళకు పంచుతారట.
ఊళ్ళో సగంమంది అడుగుతున్నారు:
చేప మాది, చెక్క మాది, తప్పు కూడా మాదేనా?
నాకు జవాబు తెలీదు.

నిన్న సిరిల్‌ను అడిగాను.
చాలాసేపు వల ముడి విప్పుతూ
'కప్పు ఇంకా కురుస్తోందా?' అన్నాడు.
'ఉత్తరం మూల.'
'కొన్నవాడికి చెప్పు.'

చెబుతున్నాను. ఉత్తరం మూల కురుస్తుంది,
బకెట్ బీరువా వెనకుంది.
గంట తాడు లాగకండి, పాతది.
పుస్తకం మాత్రం నేను తీసుకెళ్తున్నా,
నోరా పేరు రాయాలి.
ఇంకోటీ రాయాలి,
ఏ పేజీలోనో తేలడం లేదు.

ఎడమకు. గుర్తుందిగా.