మూడో బిళ్ళ

ఎడమ రొమ్ముకు నీలం రంగు ఎక్కించిన్రు.
అది యాడికి పారితే ఆడ వెతుకుతరంట.
రెండు రోజులు ఉచ్చ కూడ నీలంగనే వచ్చింది,
దవాఖాన బాత్రూంల ఒక్కదాన్నే నవ్వుకున్న.

చంకలకెళ్లి మూడు బిళ్ళలు తీసిన్రు.
చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుంటే
గజ్జల్ల బిళ్ళ కట్టేది, అమ్మ ఉప్పు కాపడం పెట్టేది.
బిళ్ళంటే నాకు గదే ఎరుక.
ఇవి శనగ గింజంత గూడ లేవంట,
సీసాల తేలుకుంట ల్యాబుకు పోయినై.

పదకొండు రోజులు.
రెడ్ హిల్స్ కాడ ఇరానీ హోటల్ల
నా ఆడబిడ్డ సత్తెక్క చాయిల బిస్కెట్ ముంచి
సగం చాయిల్నే పోగొట్టుకునేది, ప్రతిసారి.

సఫియా మేడం కాయితం రెండుసార్లు చదివింది.
కండ్లద్దాలు తీసింది. మళ్ళ పెట్టుకుంది.
"రొమ్ముది చంకలోకి రాలేదు, అండాలమ్మా."
సత్తెక్క చేతులు దండానికి నెత్తి మీదికి పోయినై.
"కానీ మూడోదాంట్లో..."
ఆ చేతులు అట్లనే గాలిల నిలబడ్డై.

వేరేదంట. దీనికి చుట్టం కూడ కాదంట.
రక్తకణాలది, నిమ్మళమైనది,
ఎన్నేండ్లసంది ఉన్నదో ఎవ్వరు చెప్పలేరు.
దీన్ని వెతకకపోతే అది దొరకకపోవు.

ఇరవై ఆరేండ్లు కండక్టర్ పని చేసిన, బర్కత్‌పురా డిపో.
చెకింగోళ్ళు ఒకని కోసం బండెక్కుతరు,
ఎనక సీట్ల, కిటికీ దిక్కు మొకం పెట్టి
నిద్రపోయినట్టు కూసున్నోడు దొరుకుతడు.
ఫైన్ కడుతడు, దిగుతడు.
మరి దీన్ని ఏ స్టాపుల దించాలె మేడం?

"ఇప్పుడే దించొద్దు. పడుకుని ఉంటే పడుకోనిద్దాం.
మూడు నెలలకోసారి రక్తం చూద్దాం."

దొంగ అని తిట్టబుద్ధి కాలే.
నాతోని డబుల్ డ్యూటీలు చేసింది,
అఫ్జల్‌గంజ్ రద్దీల చిల్లర కోసం నేను గొంతు చించుకున్నప్పుడు
అది సప్పుడు చెయ్యకుంట పక్కనే ఉన్నది గావచ్చు.
రొమ్ముల గడ్డ మీద కోపమున్నది నాకు, చానా.
దీని మీద ఏముండాల్నో ఇంక తెలుస్తలేదు.

"సంతోషపడాల్నా, ఏడ్వాల్నా, చెప్పు వదినే,"
బస్ స్టాపుల అడిగింది సత్తెక్క.
బస్సొచ్చింది.

కొత్త కండక్టర్ పిల్ల, మిషన్ మెడల ఏసుకున్నది.
"ఎన్ని జీరో టికెట్లు?"
మూడనబోయి రెండన్న.
చెమటకు కుట్లు సుర్రుమన్నై.
సత్తెక్క సంచిల బిస్కెట్ పొట్లం కరకర.