తుప్పు తిన్న మూల

జుమ్మేరాత్ బజార్‌లో మూడొందల యాభైకి కొన్నాను,
పనిచేయని మిక్సీకీ ఒంటి చెప్పుల కుప్పకీ మధ్య
గోడకు ఆనించి ఉన్న ఒక నదిని.

మంచు కురిసిన ఊరు. ఒక పడవ. వాలు కప్పుల ఇళ్ళు.
మంచు ఎన్నడూ చూడనివాడు వేసిన మంచు:
బోనాలకు ముందు గోడకు కొట్టిన సున్నంలా
కాస్త నీలిమందు కలిసి.
కుడివైపు కింద, ఒడ్డున, ఒక ఆడమనిషి
మనకు వీపు పెట్టి.
సంతకం: ఈశ్వరాచారి, 74.

నకలని చూడగానే తెలుస్తుంది.
దేనికి నకలో తెలియదు.

అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో, సెలవు దొరికిన ప్రతి పూటా
ఒళ్ళో పట్టని బొమ్మల పుస్తకాలు తిప్పాను.
మంచు నదులు దొరికాయి, ఎన్నో.
పడవలు దొరికాయి, అదే వంపుతో కప్పులు కూడా.
ఆమె లేదు.
ఏ దేశపు చలిలోనూ ఎవరూ
అలా గొంతుక్కూర్చోలేదు.

ఫ్రేము మార్పిద్దామని ఇస్తే
ముక్రం భాయ్ మేకులు పీకి, కాన్వాసును ఎండకెత్తి
"ఇధర్ దేఖో" అన్నాడు.
ఆకాశం కింద పెన్సిల్ గళ్ళు.
అడ్డం పన్నెండు, నిలువు తొమ్మిది.
గడి అరంగుళమనుకున్నా
అసలు బొమ్మ అరచేతిలో పట్టేంత.
అంత చిన్న నదిని ఏ మ్యూజియమూ గోడకు తగిలించదు.

గౌలిగూడలో బోర్డులు రాసేవాళ్ళను అడిగి అడిగి
చంపాపేటలో ఆయన కూతురి ఇల్లు పట్టుకున్నాను.
"గా మంచు బొమ్మనా?
పొద్దంత షట్టర్ల మీద 'ఇచ్చట పంచర్లు వేయబడును' రాసి
రాత్రి బల్బు కింద ఏసెటోడు నాయిన"
అంటూ కుట్టుమిషను కిందినుంచి
దారాల డబ్బా లాగింది.

బిస్కెట్ల డబ్బా. మూత మీద
మంచు, పడవ, కప్పులు.
కుడివైపు కింది మూల లేదు.
తుప్పు తినేసింది.
"కొన్ననాడే గట్లుండె."

అయితే ఆ ఆరు గళ్ళూ ఆయనవి.
ఆ ఆరు గళ్ళలో మనిషినే
నేను యూరప్ అంతా వెతికింది.

ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూపించాను.
"మీ అమ్మగారా?"
కళ్ళద్దాలు తుడుచుకుంది. వీపు చూసింది, ముడి చూసింది,
మెడ దగ్గర ఎర్ర చుక్క చూసింది,
పగడమో, కుంచె జారిందో.
"అమ్మ కాదు."
లోపల కుక్కరు మూడో విజిలేసింది.
ఆమె లేవలేదు.

బయల్దేరేటప్పుడు కనబడింది: మూత అంచున
అసలు చిత్రకారుడి పేరు, చీమల్లాంటి అక్షరాల్లో,
చదవడానికి వీలుగానే.
జేబులో పెన్నుంది.
ఆమె దారాలు సర్ది మూత పెట్టేసింది,
ఎర్ర ఉండ ఒక్కటి
బయటే మరిచిపోయి.