వంటింటి గోడ

కరీముల్లా పట్టీ చేతబట్టి అడిగాడు:
"ఈ గోడ గీకెయ్యనా సార్? అంతా గీతలే."

ఆగు.

తలుపు పక్కన, నడుమెత్తున, ఆ బొగ్గు గీతలు
మా నాయనమ్మ నాంచారమ్మవి.
పాలావిడ పోసిన గిద్దకో గీత.
మూడుసార్లు సున్నం కొట్టినా పైకి తేలాయి.
నాలుగు నిలువు గీతల మీద అడ్డగీత వెతక్కు,
ఐదో గిద్ద కొన్న నెల లేదు.
మిర్చి యార్డులో పొద్దంతా తొడిమలు తీసి
ఆ చేతులు కంటికి తగలకుండా
మోచేత్తో చెమట తుడుచుకుంటూ వచ్చేది.
పాలు చుట్టాలకి. మాకు పాల గిన్నె కడిగిన నీళ్ల టీ.

పైన పెన్సిలు తేదీలు అమ్మవి.
"14-6 బండ పెట్టాను." "2-8 అయిపోయింది."
నలభై తొమ్మిది రోజులొచ్చిన ఆ బండకి
పంతులమ్మలా తనే ఒక టిక్కు పెట్టుకుంది.
"కట్టెలుండగా డబ్బులు మండబెడతావా సామ్రాజ్యం?"
అని నాయనమ్మ వారం రోజులు ఆ పొయ్యి మీది అన్నం ముట్టలేదట.
ఖాళీ బండని పడుకోబెట్టి, దొర్లించి
ఇంకో పప్పు ఉడికించాక గానీ
అత్తాకోడళ్లు ఒకటి కాలేదు.

"19-11" పక్కన మాత్రం ఏమీ లేదు.
అమ్మ ఉండగా అడగలేదు.

నా గీత ఒక్కటీ లేదు.
ఫ్రిజ్జు వాయిదా, ఏసీ వాయిదా, బండి వాయిదా,
వాయిదాలు గోడకెక్కవు,
రాత్రి రెండింటికి లేపి కూర్చోబెడతాయి.

మొన్న భవ్య ఫోన్ రీఛార్జికి డబ్బులడిగితే
"అదేమన్నా అన్నమా?" అన్నాను.
అని, గొంతు ఎవరిదా అని వెనక్కి చూశాను.
"క్లాసులు దీంట్లోనే కద నాన్నా" అంది.

ఇవాళ రంగుల కోసం ఫ్రిజ్జు జరిపితే
దాని వెనక, నీలం బాల్‌పెన్నుతో:
"మార్చి 3. ఎనభై నాలుగు రోజులు. మే 25 దాకా.
రోజుకి ఒకటిన్నర జీబీ.
పదకొండింటికి మిగిలింది తమ్ముడికి."

వంగి చదువుతూ అలాగే ఉండిపోయాను.
సంగడిగుంట వైపు నుంచి ఎండుమిర్చి ఘాటు,
తుమ్మొచ్చింది, కళ్లు తుడుచుకున్నాను.

"పోనీ సార్, ఈ గోడ వదిలేస్తా,
కూలి తగ్గించి ఇవ్వండి" అన్నాడు కరీముల్లా.

"ఎంత తగ్గిస్తావ్?" అన్నాను.