గాలి కాగు

సంతపేటలో మా మిద్దె
సున్నంలో బెల్లం నీళ్ళు కలిపి కట్టిందంటారు.
నిజమో కాదో.
చంగల్రాయుడి డ్రిల్లు మాత్రం
పైపు కోసం బెజ్జం వేస్తా రెండుసార్లు విరిగింది.
మూడోసారి గోడే ఒప్పుకుని
దోసెడు పొడి రాల్చింది నా పాదాల మీద,
తెల్లగా, చల్లగా.

మేస్త్రీ హేమాద్రి మిద్దె పైన గొంతుకూచుని
వేలి కణుపుతో తట్టి తట్టి చూశాడు,
కర్బూజా బేరమాడేవాడి మాదిరి.
"ఈడ వొద్దు. ఈడా వొద్దు.
ఇదో, కింద గోడుంది. ఈడ పెట్టుకో."
రెండొందల లీటర్ల పీపా
అట్లా మా నెత్తికెక్కింది.

కుప్పమ్మ పెద్దమ్మ చుట్టూ తిరిగి చూసింది.
"మంటేదీ?"
మంట లేదు పెద్దమ్మా,
గాలిలో ఉడుకును తోడి నీళ్ళకు పోస్తుంది.
"మార్గశిరంలో తెల్లారుజామున
గాలిలో ఉడుకేడిది నాయనా?"
ఉందంట. మన ఒంటికి తెలీనంత ఉందంట.
వక్క కొరుకుతా కాసేపు ఆలోచించి
తనే పేరు పెట్టింది: గాలి కాగు.

అసలు కాగు తానాల గదిలో అట్లే ఉంది.
రాగిది. అడుగంతా మసి.
జ్యూసు ఫ్యాక్టరీ వెనక ఏరుకొచ్చి ఎండేసిన మామిడి టెంకలు,
టెంకాయ పీచు, ఏదుంటే అది పెట్టి
నలభై ఏళ్ళు ఆమే రగిలించింది,
ఊదుగొట్టంలో సగం ఊపిరి పోసేసి.
మిగిలిన సగాన్ని డాక్టరు
వెలుతురుకు ఎత్తిపట్టి చూపించాడు ఫిల్ములో.
"పొగ జోలికి పోవద్దు."

అందుకు తెచ్చినాము దీన్ని.
కరెంటు బిల్లు కలిసొచ్చిందని
అందరికీ చెప్పుకునేది తర్వాతి మాట.

రాత్రి రెండింటికి మొదలుపెడుతుంది.
"మీ ఇంట్లో కొత్తగా గురక ఎవరిది?"
గోడ మీద నుంచి అడిగింది జరీనా.
వోల్టేజి పడిపోతే అలిగి కూచుంటుంది,
ఎర్ర దీపం వెలిగించుకుని.
కత్తెర ఎండల్లో వేడంతా మింగి
మెట్ల మీదికి చల్లగాలి వదుల్తుంది.
ఆ మూడో మెట్టు కోసం
పిల్లికీ పెద్దమ్మ మజ్జిగ చట్టికీ తగాదా.
బొట్లుబొట్లుగా అది కార్చే నీళ్ళకు
డబ్బాలో కరివేపాకు
ఎవరూ అడక్కుండానే చెట్టయింది.

పెద్దమ్మకే, పాపం,
తెల్లారుజాము మిగిలిపోయింది.
నాలుగ్గంటలకే లేస్తుంది, చేసేదేం లేదు.
కుళాయి తిప్పి, బకెట్లో మోచెయ్యి ముంచి
"కాగినాయి, కానీ..."
అంటుంది.
కానీ తర్వాతేమిటో చెప్పదు.

రెండో వానాకాలం
తానాల గది దూలం కింద
పసుపు చల్లినట్టు సన్నటి పొడి.
చీపురుతో ఊడిస్తే పొద్దునకు మళ్ళీ.
రాత్రి దీపమార్పి చెవి పెడితే
కర్ర లోపల ఎవరో అటుకులు నములుతున్నట్టు.

హేమాద్రి నిచ్చెనెక్కి పిడిబాకుతో పొడిచి చూశాడు.
"పొగ పోయింది గదా అన్నా.
ఈ దూలాలు ఇన్నాళ్ళూ పొగ తాగి బతికినాయి."

నేను ముఖం వేలాడేసినాను.
పెద్దమ్మ కొంగు బిగించింది.
ఆ నడుము అంత నిటారుగా
సంవత్సరం నుంచీ చూళ్ళేదు.

ఇప్పుడు పదైదు రోజులకోసారి
కాగు కింద వేపాకు, పచ్చిది.
అంటించేది నేను.
ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని,
ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని
దూరం నుంచే అదిలిస్తుంది:
"ఎడమపక్కకు తొయ్యి. మంట గాదురా, పొగ గావాల పొగ!"
పొగ పైకి పోతుంది, దూలాల్ని తడుముకుంటా.
వాకిట్లో ఆమె దగ్గు.
పైన గాలి కాగు గురక.

పొగ కోసం వేసిన మంటే అయినా
కాగులో నీళ్ళు ఊరికే ఉంటాయా,
గోరువెచ్చనవుతాయి.
పారబోయబోతే చెయ్యి పట్టుకుంది.
"దానికీ ఈ పూట సెలవియ్యి."

గది చల్లారి, పొగంతా పోయినాక
తలంటుకుని వచ్చి మూడో మెట్టు మీద కూచుంది.
తెల్ల జుట్టు విరబోసి, ఒక పాయ ముక్కు దగ్గర పట్టుకుని
కళ్ళు మూసుకుంది.
పిల్లి కూడా జరిగి చోటిచ్చింది.