తెల్లబడ్డ టికెట్

పొద్దుగాల నాలుగున్నరకు
డిపోల ఇంకా ఏ బండీ గొంతు సవరించుకోదు.
నేను మిద్దెమీద, సెల్లు లైటు పండ్లతోటి కరుచుకోని
పొద్దెక్కినంక విచ్చుకునే మొగ్గను
పొద్దెక్కకముందే విప్పుత.
కనుబొమ్మలు పీకే చిమటతోటి
ఆరు పుప్పొడి కాడలు గిల్లి తీస్త.
తల్లి గులాబీ రంగుది.
తండ్రి పసుపుపచ్చ, అచ్చంపేట బస్టాండు గోడకింద మొలిచింది;
గోళ్లతోటి గడ్డ తవ్వి క్యాష్ బ్యాగుల వేసుకొస్తే
ఆ దినం చిల్లర లెక్కల మన్ను రాలింది.

వాన లిల్లీ అంటరు దీన్ని.
పక్కింటి సాయవ్వ ఉల్లిగడ్డ పువ్వంటది,
కూరకు రాని ఉల్లిగడ్డ ఎందుకు పిల్లా అంటది.
వాన పడ్డ మూడోనాడు లేస్తది,
ఒక దినం నవ్వి రెండోనాడు వాలిపోతది.
మళ్ల మొగులు దయ తలిచేదాక
మేకలు గూడ గడ్డి కింద జమకట్టవు.

దేవరకొండల వానకోసం పూసే పువ్వంటే
పుయ్యని పువ్వన్నట్టే.
నాకు కావాల్సింది ఎండకు ఓర్చేది,
మా బోరునీళ్లు తాగి
పండ్లు గారపట్టినా మూతి ముడవనిది,
ఒక్కసారి పూసి ఊకోకుండ
మళ్ల, ఇంకోసారి,
మొగులుకు చెప్పకుండనే.

ఏడేండ్లాయె.
క్రాసు చేసిన కాడకల్లా ఒక టికెట్ కట్టిన,
మిషన్ల ఇరికి చిరిగిన టికెట్లు.
వెనకదిక్కు స్కెచ్ పెన్నుతోటి
తల్లి పేరు, గుణకారం గుర్తు, తండ్రి పేరు.
కాయ పగిలితే కాలిన కాగితం తునకల తీరు గింజలు.
ఐస్‌క్రీం డబ్బల్ల నూట నలభై మొలకలు.
కొన్ని మురిగినయి,
కొన్ని కోతులు పీకి, నమిలి, నచ్చక ఉమ్మేసినయి.
మిగిలినయన్ని తల్లి తీరే,
గులాబీ, గులాబీ, మళ్ల గులాబీ.
ఒకటి మాత్రం మామిడిపండు రంగు పూసి నన్ను ఏడిపిచ్చింది.
మరుసటేడు చూస్తే గడ్డే లేదు.

మక్బూల్ భాయ్ స్టీరింగు కాడ నవ్వుతడు:
"ఎండకాలం పూలు కావాల్నంటే ప్లాస్టిక్‌వి కొనరాదు మేడం,
మన బండి అద్దం కాడున్నయి చూడు, పదేండ్లాయె, వాడలే."
డిండి కట్ట దాటేదాక ఆ మాటకే నవ్వుకున్నం.
మల్లేపల్లి స్టేజి కాడ బండి ఆపి
నా డబ్బలకు పెంట బస్తా ఎక్కిచ్చేది గూడ ఆయననే.

ఈ యేడు రోహిణి కార్తె.
రోళ్లు పగుల్తయంటరుగని
మా ఇంట్ల పగిలింది ట్యాంకు మూత.
పెండ్లి స్పెషళ్లు తిరిగి మూడు దినాలకు ఇల్లు చేరి
సంచి దించకుండనే మెట్లెక్కిన.
మూలకు, సొట్టబోయిన నూనె డబ్బల,
నేను లేనప్పుడు పూసి వాడిన కాడొకటి.
దాని పక్కకే
ఇంకో మొగ్గ.

బోర్లబడి టికెట్ వెతికిన.
కట్టిన కాడనే ఉంది, దారం గట్టిగనే ఉంది.
తెల్లగ.
ఎండ మొదలు మిషన్ అచ్చు తిన్నది,
తర్వాత నా రాత తిన్నది.
గుణకారం గుర్తొక్కటి
దోమ కాళ్ల లెక్క మిగిలింది.

ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
నిన్నటి టికెట్ చూపెట్టినోళ్లను చూసిన,
చెమట పిడికిట్ల టికెట్ ముద్దయిన ముసలోళ్లను చూసిన.
"ఎక్కడెక్కినవ్?"
నాలికకు అలవాటైన మాట, పువ్వును గూడ అడిగిన.
చెప్పదు.
ఎక్కింది. కూసుంది.

సాయవ్వ వచ్చి కొప్పుల పెట్టుకుందామని చెయ్యి సాపితే
ఆగవ్వా అని చెయ్యి పట్టుకున్న.
"ఉల్లిగడ్డ పువ్వుకింత కావలా" అనుకుంట దిగిపోయింది.

సాయంత్రం పండ్లపొడి డబ్బ కత్తిరించి
రేకు ముక్క మీద మొలతోటి గీకిన. ఇది ఎండ తినదు.
తారీఖు.
తల్లి పేరు కాడ గీత. తండ్రి పేరు కాడ గీత.
దీని పేరేం రాద్దునా అని మొల పట్టుకోని కూసుంటే
డిపో నుంచి ఫోను:
రేపు కల్వకుర్తి ఫస్ట్ ట్రిప్పు, నాలుగున్నరకే రావాలంట.

నాలుగున్నరకు నాకు పనుంది సారూ,
రెండో ట్రిప్పు ఇయ్యి.