మూడో తాళం

గురువారం వస్తే
బడి వెనక షియా చెట్టు కింద
ఇనప్పెట్టె చుట్టూ చేరతాం ఇరవై ఇద్దరం.
పెట్టెకి మూడు తాళాలు.
మూడు చెవులు ముగ్గురి దగ్గర,
ఒకరి పొయ్యి పొగ ఇంకొకరికి కనబడనంత దూరంలో.
మూడూ కలవందే మూత లేవదు.
దొంగల కోసం పెట్టుకున్న కట్టడి అది.
దేనికి పనికొచ్చిందో చెబుతాను.

నా పేరు లమారో. లెక్కలు రాస్తాను.
పుట్టింది శిబిరంలో.
రేషన్ కార్డు చిల్లుల మీద అంకెలు నేర్చాను.
నీళ్ళ వరసలో నాకు ముందున్న పసుపు డబ్బాలు కూడిక,
నా వంతుకి ఎండిపోయే పంపు తీసివేత.
కిట్గుమ్ అవతల మా నేలకి తిరిగొచ్చిన ఏడు
పార తలకిందులుగా పట్టుకున్నానని
ఊరంతా నవ్వింది.
నవ్వి, పుస్తకం నా చేతికిచ్చింది.

మొదటి చెవి ముసలి అబాలోది.
రెండోది అచిరోది.
అచిరో కొడుకు ఓయాట్‌ని పదకొండో ఏట
అడవిలోకి లాక్కుపోయారు తుపాకులవాళ్ళు.
పంతొమ్మిదో ఏట వచ్చాడు.
పచ్చి గుడ్డు తొక్కించి గడప దాటించారు పెద్దలు.
అరికాలి కింద చిట్లిన ఆ ఒక్క పెంకు
ఎన్నింటికని సరిపోతుంది?

మూడో చెవి లకోట్‌ది.

వానలకి ముందు, ఎండుగడ్డి తగలబెట్టే రోజులు.
ఓయాట్ వంగి
ఎడమచేత్తో అగ్గిపుల్ల గీశాడు.
లకోట్ చేతిలో కొడవలి జారింది.
వెనకటి ఓ రాత్రి
తన గుడిసె చూరు కింద
ఎడమచేత్తో పుల్ల గీసిన పిల్లాడు,
మొహం గుర్తులేదు,
చెయ్యి గుర్తుంది.
లోపల ఆమె మొగుడు ఉన్నాడు.

ఆ గురువారం ఆమె రాలేదు.
ఆ పై గురువారమూ.
మూడో గురువారం వాన వచ్చింది.
వేరుశనగ గింజలు ఇప్పుడు పడకపోతే
ఏడంతా పస్తే.
గింజల డబ్బు పెట్టెలో,
పెట్టె మా మధ్యలో.
కుర్రాళ్ళు సుత్తి తెచ్చారు.
అబాలో లేచింది,
నడుం పట్టుకుని వచ్చి
పెట్టె మీద కూర్చుంది.
"పగలగొట్టడం మనకి రాని విద్యా?" అంది.
ఇంకేమీ అనలేదు. చీకటిపడే దాకా దిగనూ లేదు.

ఎవరూ లకోట్ ఇంటికి వెళ్ళలేదు.
వెళ్తే ఏమని అడగాలి?
అచిరో మాత్రం తన చెవిని
మెడలోంచి తీసి, చూసి, మళ్ళీ వేసుకునేది.

నాలుగో గురువారం
హాజరు పిలిచేశాక
బురద కాళ్ళతో వచ్చింది లకోట్.
నా పుస్తకం వైపు చూసి,
"ముందు జరిమానా రాయి" అంది.
రాశాను.
రాని వారాలు మూడు, నేటి ఆలస్యం ఒకటి,
వెరసి ఎనిమిది వందల షిల్లింగులు.
కొంగు ముడి విప్పి లెక్కపెట్టింది.

తర్వాత అచిరో వైపు తిరక్కుండానే అంది:
"నీ కొడుకు నా కళ్ళ ముందు నిప్పు ముట్టించకూడదు."
అచిరో తల ఊపింది.
ఆ ఊపు లకోట్ చూసిందో లేదో
నాకు తెలీదు.

అబాలో చెవి తిరిగింది.
అచిరో చెవి తిరిగింది.
మూడో తాళం వానకి తుప్పు పట్టి మొరాయించింది.
లకోట్ చెవికి షియా వెన్న రాసి
మళ్ళీ పెట్టింది,
మళ్ళీ.
ఎవరం ఊపిరి తీయలేదు.

క్షమించిందా అని అడక్కండి,
నా పుస్తకంలో ఆ గడి లేదు.
జమ ఉంది, ఖర్చు ఉంది, బాకీ ఉంది.
తీరని బాకీ ఉన్నవాళ్ళు కూడా
ఒకే పెట్టెకి తాళాలు తీస్తారని
ఎక్కడ రాయాలో తోచక
పేజీ అంచున పెన్సిలుతో ఓ చుక్క పెట్టాను.

ఆ సాయంత్రమే గింజలు కొన్నాం,
రెండు బస్తాలు.
షాపువాడి తూకంలో నాలుగు గుప్పెళ్ళు తక్కువ వచ్చాయి.
అది వేరే గొడవ.
దానికి ముగ్గురూ కలిసే వెళ్ళారు.