మొదటి పాదం

వార్కెతిలి, నాలుగో బ్లాకు, తొమ్మిదో అంతస్తు నుంచి
లమారా పెద్దమ్మ ఫోను:
"ఈ రాత్రి పన్నెండు కొట్టగానే మా గడప నువ్వే తొక్కాలి, వాజా.
ఈ ఏడు నీ పాదం నాకు కలిసొచ్చింది."

కలిసొచ్చిందట.
ఆ మాటలో నిజమెంతో చూద్దామని
పని పుస్తకం తెరిచాను.

జనవరిలో నలభై రెండు ఫిర్యాదులు.
సగానికి పైగా లిఫ్టుల్లో నాణేల పెట్టెలవే.
పది తెత్రీల బిళ్ళకి బదులు ఎవరో గుండీ వేస్తారు,
లిఫ్టు అలిగి కూర్చుంటుంది.
ఒక పెట్టెలో పాలపన్ను దొరికింది.
ఎవరిదో తెలీదు. పారేయడానికి చెయ్యి రాలేదు,
ఇంకా నా స్క్రూల డబ్బాలోనే ఉంది.

ఫిబ్రవరి పేజీ నిండా గ్రీజు బొటనవేలు.
వేరే ఏమీ రాయలేదు.
మంచు.

మార్చి పదకొండు.
ఈ రాత నాది కాదు, మా కుర్రాడు బాద్రిది:
"మూడో ద్వారం. మేస్త్రీ పడిపోయాడు."
అంతే, కింద తారీకు, సంతకం.
పడింది అంతస్తున్నర లోతు.
కుడి మడమ మూడు ముక్కలు.
లమారా గడపలో పెట్టింది ఆ కాలే.

ఆస్పత్రిలో పక్క మంచం అంజోర్,
రుస్తావి బస్సు డ్రైవరు,
నార్దీలో నాకు పద్నాలుగు ఆటలు బాకీపడి
చెప్పకుండా డిశ్చార్జి అయిపోయాడు.
ఆ బాకీ ఇంకా కొట్టేయలేదు.

పది వారాలు కట్టు.
మా ఇల్లు ఏడో అంతస్తు. మా లిఫ్టు ఆగిపోయింది
సరిగ్గా రెండో వారంలో.
వంటింటి స్టూలు మీద కాలు చాపి
ఫోను చెవికి నొక్కుకుని కూర్చున్నాను.
"ఎర్ర తీగ కాదురా, దాని వెనకది.
ఇప్పుడు తట్టు. మళ్ళీ తట్టు. ఆగు."
అటు రిలే టక్కుమంది.
ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో
చెవితో బాగుచేసింది ఆ ఒక్కటే.
త్సియాలాకి చెబితే
"మరి నా మాటెందుకు వినపడదు?" అంది.

ఆగస్టులో అరవై నిండాయి.
కేకు మీద అరవై పట్టవని ఆరు వెలిగించింది.
వైన్ కొమ్ము చేతికిచ్చి అందరూ లేచి నిలబడ్డారు,
నేను కూర్చునే తాగాను.
సిగరెట్లు మానేశాను, నలభై ఒక్క రోజులు.

అక్టోబరులో యెరెవాన్, రాత్రి రైలు.
నేను పుట్టినప్పుడు లేని సరిహద్దులో
పాస్‌పోర్టు మీద తొలి ముద్ర పడింది.
పాత మోటారు కోసం వెళ్ళాను.
అమ్మినాయన హ్రాచిక్,
విరిగిన లిఫ్టు బటన్లన్నీ జాం సీసాల్లో దాచాడు,
ఒక్కో సీసాకి ఒక్కో అంతస్తు.
ఐదో అంతస్తు సీసా ఖాళీగా ఉంది,
ఎందుకో అడగడం మరిచిపోయాను.
తెల్లారితే కొండ కనిపిస్తుందన్నారు.
నిద్రపోయాను.

నవంబరు ఇరవై.
ఆ మోటారు బిగించింది బాద్రి.
పేజీ అడుగున వాడి సంతకం ఒక్కటే.
చాలాసేపు చూశాను.
ఎక్కడా తప్పు లేదు.

పుస్తకం మూసి లమారాకి ఫోను చేశాను.
"పెద్దమ్మా, నీకు కలిసొచ్చిందేమిటి?"
"ఏముంది? కంట్లో పొర తీశారు.
తప్పిపోయిన పిల్లి తిరిగొచ్చింది.
ఎవరూ పోలేదు.
ఏమీ జరగని ఏడాది
నాకు ఎన్నాళ్ళకి దొరికిందో నీకేం తెలుసు?"

పన్నెండు.
ఊరంతా బాణసంచా పొగ.
జేబులో తేనె అక్రోటు చెక్కీ, చేతిలో పది తెత్రీల బిళ్ళ.
లిఫ్టు తొమ్మిదిలో ఆగింది,
నేలకి నాలుగు వేళ్ళు కిందగా.
బ్రేకు అరిగింది. రేపు బాద్రికి చెప్పాలి.
చెప్పకపోయినా వాడికి తెలుస్తుందేమో.

తలుపు అప్పటికే తీసి ఉంది.
లమారా కొత్త కళ్ళతో
నా ముఖం వైపు కాదు,
నా బూటు వైపు చూస్తోంది.
"నెమ్మదిగా," అంది.
మడమ ఒకసారి సలిపింది.
పెట్టాను.